వాళ్లకు ఇంగితం లేదనకండి

(పాతబస్తీ నీళ్లు – 6వ భాగం)



పోయిన భాగం చదివి ఉస్మానియాలో చదువుకునే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల గల్లీలో కొత్తగా వేసిన సీసీ రోడ్డును నెల కూడా నిండకుండా నల్లా పైపు కోసం మళ్లీ తవ్వుతున్నారట.

"అక్కా, వీళ్లకు జర్రంతన్న ఇంగితం ఉండదా? ముందుగాల పైపేసి తర్వాత రోడ్డెయ్యాలని చిన్న పోరన్ని అడిగినా చెప్తడు కదా!"

నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే మనమంతా అంటున్నది అదే. ఇరానీ హోటల్ దగ్గర అంటాం, ధర్నా చౌక్‌లో అంటాం, మెమోరాండంలో కూడా కొంచెం మర్యాదగా అదే రాస్తాం. "ఆఫీసర్లకు కామన్ సెన్స్ లేదు."

వినడానికి అది తిట్టులా ఉంటుంది. నిజానికి అది మనం వాళ్లకు ఉత్తపుణ్యానికి రాసిచ్చే క్లీన్ చిట్. తెలియక చేస్తే పొరపాటు, తెలిసి చేస్తే నేరం. "ఇంగితం లేదు" అన్న ప్రతిసారీ మనం ఒక నేరాన్ని పొరపాట్ల ఖాతాలో రాస్తున్నాం.

నీరు పల్లమెరుగు అని సామెత. పాతబస్తీలో పుట్టి పెరిగినదాన్ని, నేను చూసింది వేరు. ఇక్కడ మంచినీళ్లు పలుకుబడి ఎరుగుతాయి. పల్లం ఎరిగేది మురుగు నీళ్లే. ఏ నీళ్లు ఎటు పోవాలో ఈ వ్యవస్థకు బాగా తెలుసు. ఈ భాగమంతా దాని గురించే.

మొదటి మూడు బిందెలు

మా బస్తీలో నల్లాకూ నాలాకూ పలకడంలో కొంచెమే తేడా. కొన్ని రోజులు వాసనలో ఆ కొంచెం తేడా కూడా ఉండదు.

మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, గంటసేపు. అదీ రాత్రి రెండు దాటాక. ఆ గంట కోసం ఆడవాళ్లు అలారం పెట్టుకుని పడుకుంటారు. మా పక్కింటి ఆపా ఇరవై ఏళ్లుగా ఆ గల్లీలో నీళ్లు పడుతోంది. కొత్తగా కిరాయికి వచ్చిన వాళ్లకు ఆమె చెప్పే మొదటి పాఠం ఇదీ: "పహలే కే తీన్ బిందె నాలావి బేటీ, తర్వాతివి మనవి." అంటే మొదటి మూడు బిందెలు పారబోయాలి. కొట్లాడి పట్టుకున్న నీళ్లను మళ్లీ మోరీలోనే పొయ్యాలి.

ఎందుకలా? ఆపా ఏ ఇంజనీరింగ్ కాలేజీకీ పోలేదు. కానీ ఆమె చెప్పే కారణం ఏ ఇంజనీరు చెప్పేదానికీ తీసిపోదు. పైపు మోరీ పక్కనుంచే పోతుంది. అతుకుల దగ్గర కారుతుంది. నీళ్లు వస్తున్నంతసేపు లోపలి ఒత్తిడికి నీరు బయటికి కారుతుంది. సప్లై ఆగగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు బయట ఉన్న మురుగు అదే కంతలోంచి లోపలికి పోతుంది. పైగా ఎవరో ఒకరు మోటరు పెట్టి గుంజితే మురుగు ఇంకా జోరుగా లోపలికి వస్తుంది. రెండు రోజులకు మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ఆ మురుగంతా ముందుగా మా బిందెల్లోకే వస్తుంది. రోజంతా ఒత్తిడితో నీళ్లుండే పైపులో ఈ బాధ చాలా తక్కువ. గంట నీళ్లిచ్చి నలభై ఏడు గంటలు ఆపేసే పైపులోనే ఇది పుడుతుంది. అంటే జబ్బు పైపులో లేదు, టైంటేబుల్లో ఉంది.

ఒక ఎండాకాలం ఆ నీళ్లు పసుప్పచ్చగా రావడం మొదలైంది. మా గల్లీ చివరింట్లో ఆరేళ్ల పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుని మూడు రోజులు దవాఖానలో సెలైన్ ఎక్కించారు. ఫిర్యాదు చేశాం. ఏ ఆఫీసో చెప్పను, అవసరం లేదు. మీ గల్లీకి వచ్చే ఆఫీసే అనుకోండి. మూడో రోజు పొద్దున పదకొండింటికి ఒక పిల్లగాడు చిన్న డబ్బా పట్టుకుని వచ్చాడు. నల్లా రావట్లేదు కాబట్టి మెయిన్ రోడ్డు మీది ఇంట్లో సంపు నీళ్లు తీసుకున్నాడు. రెండు చుక్కలు మందు వేశాడు. నీళ్లు లేత పసుపు రంగు తిరిగాయి. క్లోరిన్ ఉంది, ఓకే.

"తమ్మీ, రాత్రి నల్లా వచ్చినప్పుడు మొదటి బిందె పట్టు, అప్పుడు తెలుస్తది" అన్నాను.

"అక్కా, నా డ్యూటీ పదింటికి షురూ అయితది. ఫారంల టైము రాసే గడి కూడ లేదు. నేను కాంట్రాక్టోన్ని, నన్నేం చెయ్యమంటవ్?"

అతన్ని తప్పు పట్టను. అతనూ మన బస్తీ పిల్లగాడే. సాయంత్రానికి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.

ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఇంగితం ఎవరికి లేదు? ఆ ఫారం తయారుచేసిన వాడికి నల్లా రాత్రి వస్తుందని తెలుసు. టైంటేబుల్ వేసిందీ ఆ వ్యవస్థే కదా! మురుగు మొదటి పది నిమిషాల్లోనే వస్తుందనీ తెలుసు. అందుకే ఆ పది నిమిషాలు ఎక్కడా నమోదు కాని పద్ధతి పెట్టుకున్నారు. అడగకపోతే జవాబు చెప్పే పని ఉండదు. ఇది తెలివితక్కువతనం కాదు దోస్తులారా, చాలా చదువుకున్న తెలివి.

ఆ తెలివి ఖరీదు ఎంతో 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో చూశాం. డ్రైనేజీ కలిసిన నల్లా నీళ్లు తాగి మనుషులు చనిపోయారు, వందల మంది దవాఖానల పాలయ్యారు. చనిపోయిన వాళ్లంతా బీదవాళ్లే. ఆ నీళ్లు బంజారాహిల్స్‌కు పోలేదు.

ఇరవై వేల లీటర్ల లెక్క

2020 చివర్లో జీహెచ్‌ఎంసీ ఎన్నికలప్పుడు ఇంటింటికీ నెలకు 20 వేల లీటర్లు ఉచితం అన్నారు. 2021 జనవరి 12న పథకం మొదలైంది. మంచిదే, వద్దనను. కానీ లెక్క ఎట్లా కట్టారో చూడండి.

20 వేల లీటర్లను 30 రోజులకు భాగిస్తే రోజుకు 666 లీటర్లు. ఇంట్లో ఐదుగురుంటే మనిషికి 133. మన దేశంలో నగరాలకు నీళ్ల ప్లాన్ వేసేటప్పుడు వాడే కొలత మనిషికి రోజుకు 135 లీటర్లు. కాబట్టి లెక్క వేసిన ఆఫీసరు బుర్ర తక్కువవాడేం కాదు. ఐదుగురి కుటుంబానికి అచ్చంగా సరిపోయేట్టు కొలిచి పోశాడు.

ఇప్పుడు గౌలిపురాకో, శాలిబండకో, తలాబ్ కట్టకో రండి. తాతల నాటి ఇల్లు. నలుగురు అన్నదమ్ములు, లేదంటే నాలుగు కిరాయి కుటుంబాలు. నడుమ ఒక వాకిలి, వాకిట్లో ఒకటే నల్లా, ఒకటే కనెక్షన్. ఇరవై మంది మనుషులు. 666ను ఇరవైకి పంచితే మనిషికి 33 లీటర్లు. మనిషి కనీస అవసరాలకు రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలని ఐక్యరాజ్యసమితి అంటుంది.

మరి అపార్ట్‌మెంట్ల సంగతి? అక్కడ కనెక్షన్ ఒకటే అయినా ఫ్లాటు ఫ్లాటుకూ లెక్క. ఇరవై ఫ్లాట్లుంటే ఇరవై ఇరవై వేలు. ప్రతి ఫ్లాటుకూ ఆస్తిపన్ను నెంబరు వేరుగా ఉంటుంది కాబట్టి వ్యవస్థ కంటికి అవి ఇరవై ఇళ్లు. మన వాకిలింట్లో ఉన్న నాలుగు పొయ్యిలు దానికి కనబడవు. గోడ మీద నెంబరు ఒకటే కదా.

నోటిఫై అయిన బస్తీలకు మీటరు అవసరం లేదన్నారు, అది నిజమే. మరి నోటిఫై కానివాటికి? సందుకు ఇటుపక్క బస్తీ, అటుపక్క "కాలనీ". అదే మోరీ, అదే దోమలు, అదే కూలీ బతుకు. కాగితం మీద మాత్రం అటుపక్క వాళ్లు మీటరు తెచ్చుకోవాలి, ఆధార్ లింకు చేసుకోవాలి, ఇంటి కాగితాలు ఓనరువైతే ఓనరును బతిమాలుకోవాలి.

నీళ్లు తాగేది మనిషి. లెక్క రాసేది మాత్రం ఆస్తికి. ఆస్తి లేనివాడి దూపకు ఫారంలో గడి లేదు. మన మాలమాదిగలకు, సందుల్లో బతికే ముస్లింలకు ఆస్తి ఎందుకు లేదన్నది వేరే పాఠం, అది మీకు నేను చెప్పక్కర్లేదు.

మా తాత చేతిలో తూము

కొంచెం వెనక్కి పోదాం. ఎందుకంటే నీళ్ల తెలివి మనకు లేదని, అది చదువుకున్నవాళ్ల సొత్తని చెప్పే అబద్ధం చాలా పాతది.

మా తాత రంగారెడ్డి జిల్లాలో ఒక ఊరి నీరటి. ఈ మాట కొత్త పిల్లలకు తెలియకపోవచ్చు. చెరువు తూము తీసేది, మూసేది నీరటి. ఏ మడికి ఎన్ని నీళ్లు, ఎప్పుడు, ఏ కాలువ ముందు, కట్ట ఎక్కడ చెమ్మగిల్లింది, ఎండ్రకాయలు ఎక్కడ బొరియలు చేశాయి, మత్తడి దుంకితే నీళ్లు ఏ దారిన పోతాయి, ఇదంతా అతని తలకాయలో ఉండేది. తెలంగాణలో ఈ పని చాలావరకు మాల, మాదిగ కుటుంబాలదే. ఊరందరి వరి మా తాత చేతి పారతో పారేది. అదే ఊళ్లో బావి దగ్గర మాత్రం ఆయన దోసిలి పట్టి వంగి నిలబడాలి. ఎవరన్నా పైనుంచి పోస్తే తాగాలి.

నీళ్ల జ్ఞానం మా తాతది. నీళ్ల పుస్తకం పట్వారీది. ఆ పుస్తకంలో చెరువు పేరుంది, ఆయకట్టుంది, శిస్తుంది. మా తాత పేరు లేదు. మన బ్యూరోక్రసీ అక్కడ పుట్టింది. చేసేవాడొకడు, రాసేవాడొకడు, రాసినవాడిదే మాట.

ఈ నగరం కూడా చెరువుల మీద కట్టిందే. తలాబ్ కట్ట అంటే చెరువు కట్ట. తలాబ్ చంచలంలోనూ తలాబ్ ఉంది. దూద్ బౌలిలో బావి ఉంది. నీళ్లు పోయాయి, పేర్లు మిగిలాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయినప్పుడు నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. పైనున్న చెరువులు వరుసగా రెండు వందలకు పైగా తెగడం వల్లే వరద అంత ముంచిందని ఆయన తేల్చాడు. ఆ సలహాల మీదే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. గొప్ప పని, ఒప్పుకుందాం. అదే పెద్దమనిషి 1918లో మైసూరులో బ్రాహ్మణేతరులకు ఉద్యోగాల్లో రిజర్వేషన్ల ప్రస్తావన వస్తే దాన్ని వ్యతిరేకించి దివాన్ పదవి వదులుకున్నాడన్నదీ చరిత్రే. చెరువుకు చెరువు గొలుసుగా ఉండాలని తెలిసిన మేధావికి, ఆ చెరువుల్ని కాపాడిన కులాలు ఆఫీసు కుర్చీలో కూర్చోవాలని మాత్రం తోచలేదు. ఇంగితం ఎక్కడ ఆగిపోతుందో చూశారా?

2000 ఆగస్టులో నగరం మునిగింది. 2003లో కిర్లోస్కర్ కన్సల్టెంట్ల నివేదిక వచ్చింది, నాలాలు వెడల్పు చేయమంది. నివేదిక బీరువాలోకి పోయింది. 2020 అక్టోబరు 13 రాత్రి వాన పడింది. పల్లె చెరువు తెగి అలీనగర్, అల్ జుబైల్ కాలనీ మునిగాయి. నాలుగు రోజుల తేడాతో గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ మీద పడింది. మనుషులు కొట్టుకుపోయారు. ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి.

మత్తడిని పూడ్చి, తూమును మూసి, వరద పోయే దారిలో ప్లాట్లు చేసి అమ్మితే కట్ట తెగుతుందని చెప్పడానికి ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు. మా తాతలాంటి నీరటిని కట్ట మీద నిలబెడితే పార ఆనించి చూసి చెప్పేవాడు. కానీ ఆయకట్టు పోయింది, దానితో నీరటి పోయాడు, చెరువు ఫైలు మాత్రం ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు తిరుగుతూ ఉంది. కట్ట ఒకరిది, నీళ్లు ఒకరివి, శిఖం భూమి ఒకరిది, నాలా ఇంకొకరిది. తెగినప్పుడు మాత్రం ఎవరిదీ కాదు.

తర్వాత ఇంటికి పదివేలు ఇస్తామన్నారు. నవంబరులో మీసేవ సెంటర్ల ముందు లైన్లు చూశారు కదా. చంకలో పిల్లలతో తెల్లారుజాము నుంచి నిలబడ్డారు. నడుమ ఎన్నికల సంఘం ఆపమంది, లైను చెదిరిపోయింది. నీళ్లలో ఆధార్ కార్డు కొట్టుకుపోయిన మనిషిని ఆధార్ కార్డు జిరాక్స్ అడిగే వ్యవస్థ ఇది.

ఎవరికి వంగుతుంది, ఎవరికి వంగదు

"రూల్స్ అట్లున్నాయి, మేమేం చేస్తాం?" అంటారు. రూల్స్ వంగవా? వంగుతాయి.

జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చారు. నగరం తాగే నీళ్ల కోసం పెట్టిన రూలు. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో దాని ఆంక్షలు ఎత్తేశారు. ఫామ్‌హౌస్‌ల కోసం రూలు ఎంత మెత్తగా వంగిందో చూడండి.

2024లో మూసీ ఒడ్డున, చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ గుడిసెల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీఎక్స్ అని రాశారు. అక్కడ రూలు ఇనుప కడ్డీ. నదికి అడ్డమొచ్చింది పేదవాడి రేకుల ఇల్లట. ఆ నదిలోకి దశాబ్దాలుగా ఫ్యాక్టరీల నీళ్లు, నగరమంతటి మురుగు వదిలిన వాళ్ల గోడల మీద ఎవరూ ఏ రంగూ పుయ్యలేదు. నది బాగుపడొద్దని నేననను. నది గురించి నిర్ణయం చేసేటప్పుడు ఒడ్డున బతికేవాడిని ఎందుకు అడగలేదంటున్నాను.

మ్యాన్‌హోల్ దగ్గర ఇదే వ్యవస్థ ఇంకో వేషం కడుతుంది. 2013 చట్టం మనిషిని మోరీలోకి దించొద్దంది. మోరీలో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట దిగిన ఇద్దరు కార్మికులు లోపలే పోయారు. రాత్రిపూట ఎందుకు? పగలు చట్టం చూస్తుంది కాబట్టి. ఇంత ఇంగితం ఉన్నవాళ్లను పట్టుకుని తెలివి లేదంటామా?

ఒక మంచి మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2017లో జలమండలి ఇరుకు గల్లీల్లో తిరిగే 70 చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది, దళిత పారిశ్రామికుల సంఘంతో కలిసి. పెద్ద లారీ మన సందుల్లోకి రాదని, రాకపోతే మనిషినే దింపుతారని మోరీ పని చేసిన ప్రతివాడికీ తెలుసు. ఆ తెలివి ఒక్కసారి ఫైలులోకి ఎక్కింది, మిషన్ సందుకు సరిపోయింది. అంటే చేయొచ్చు. చేయాలనుకుంటే చేయొచ్చు.

అయితే ఫైళ్లు తగలబెడదామా?

ఇక్కడ మన వాళ్లలోనే కొందరు తొందరపడతారు. "ఈ ఆఫీసులు, రూల్స్ అన్నీ వద్దు. స్థానిక ప్రజల ఇంగితానికి వదిలేస్తే చాలు" అంటారు. ఆగండి. ఇంగితం అనగానే అది మంచిదే అనుకోకండి. మన దేశంలో అంటరానితనం కూడా ఊరందరి ఇంగితమే. ఊరికి ఒక బావి, వాడకు ఒక బావి అన్నది ఎవరో కలెక్టర్ రాసిన సర్క్యులర్ కాదు. అది "అందరికీ తెలిసిన విషయం".

మహాడ్ గుర్తు తెచ్చుకోండి. ప్రజా నీటి వనరులు అంటరానివారికీ తెరవాలని బొంబాయి కౌన్సిల్ 1923లో తీర్మానించింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువు తెరుస్తున్నామని తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు మనదే. మూడేళ్లు ఒక్కడూ దోసిలి ముంచలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెళ్లి ముంచాడు. వెంటనే దాడి. తర్వాత పంచగవ్యాలు పోసి చెరువును "శుద్ధి" చేశారు. ఆవు పేడతో నీళ్లు శుభ్రమవుతాయి, మనిషి చెయ్యి తగిలితే మైలపడతాయి. అదీ ఆ ఊరి ఇంగితం! ఆ ఇంగితానికి జడిసి మునిసిపాలిటీ అదే ఏడు తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. కేసు పదేళ్లు నడిచి 1937లో బొంబాయి హైకోర్టులో మనం గెలిచాం.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి. కాగితం ఒక్కటే నీళ్లివ్వదు, జనం కదలాలి. జనం కదిలినా కాగితం లేకపోతే ఆ నీళ్లు నిలవవు. అందుకే బాబాసాహెబ్ చెరువు దగ్గరికీ పోయాడు, కోర్టుకూ పోయాడు. 1942 నుంచి 46 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్నప్పుడు నదుల ప్రాజెక్టుల ఫైళ్లు కూడా పట్టాడు. ఫైలు మనకు శత్రువు కాదు. మనం లేని ఫైలు మన శత్రువు.

కాబట్టి నేను అడిగేవి ఆకాశంలో చుక్కలేమీ కావు:

నీళ్ల పరీక్ష సప్లై మొదలైన మొదటి పది నిమిషాల్లో, గల్లీ చివరి నల్లా దగ్గర జరగాలి. ఫారంలో టైము గడి ఉండాలి, ఆ గల్లీ మనిషి సంతకం ఉండాలి.

ఉచిత నీళ్ల లెక్క కనెక్షన్‌కు కాదు, మనిషికి కట్టాలి.

నల్లా పైపు, మోరీ పైపు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో చూపే మ్యాపు ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో, ఉర్దూలో ఉండాలి.

ప్రతి చెరువుకు మత్తడి, తూము ఎక్కడో నేల మీద గుర్తు పెట్టాలి. వాటిని చూసుకునే మనిషి పేరు బోర్డు మీద రాయాలి. నీరటిని మళ్లీ పెట్టండి, ఈసారి జీతంతో, గౌరవంతో, కులం చూడకుండా.

వార్డు కమిటీలు రాజ్యాంగంలో 243-ఎస్ అధికరణంలోనే ఉన్నాయి. వాటిలో నీళ్లు పట్టే ఆడవాళ్లు, మోరీ కార్మికులు కూర్చోవాలి.

మీకొక పని

చదివి లైక్ కొట్టి పోకండి. సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ తీసి చదవండి. కాగితాల నకళ్లే కాదు, పనులను తనిఖీ చేసే హక్కు, వస్తువుల ధృవీకరించిన నమూనాలు తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. పది రూపాయల దరఖాస్తు. మీ గల్లీలో పోయిన ఆరు నెలల్లో నీళ్ల పరీక్ష ఏ తారీఖున, ఏ టైముకు, ఏ ఇంట్లో చేశారో అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఈలోపు నల్లా వచ్చే రాత్రి లేవండి. అమ్మను పడుకోనిచ్చి మీరు లేవండి. మొదటి బిందె నీళ్లు ఒక గాజు సీసాలో పట్టండి. తారీఖు, టైము, గల్లీ పేరు రాసి ఫొటో తీయండి. పదో నిమిషం నీళ్లు ఇంకో సీసాలో పట్టి పక్కన పెట్టండి. నాలుగు వారాలు చేయండి. ఇరవై గల్లీల నుంచి ఇరవై మంది చేస్తే, ఆపా ఇరవై ఏళ్లుగా నోటితో చెబుతున్నది మొదటిసారి రికార్డు అవుతుంది. అప్పుడు ఆ రికార్డును "పరిష్కరించబడినది" అని ఒక మెసేజ్‌తో మూసేయడం అంత తేలిక కాదు.

ఇక ఆ తమ్ముడి రోడ్డు సంగతి. తమ్మీ, ముందు పైపేసి తర్వాత రోడ్డేస్తే బిల్లు ఒకటే. రోడ్డేసి, తవ్వి, మళ్లీ రోడ్డేస్తే బిల్లులు ఎన్నో లెక్కపెట్టు. తర్వాత మళ్లీ ఫోన్ చెయ్యి. వాళ్లకు ఇంగితం ఉందో లేదో అప్పుడు మాట్లాడుకుందాం.

వచ్చే భాగంలో ట్యాంకర్ల కథ. ఎండాకాలం ఎవరి బోరు నీళ్లు ఎవరికి అమ్ముడుపోతాయో చూద్దాం.

జై భీమ్.